సినిమా నేర్పే సర్కారు బడి ఒకటి పెట్టండి

తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ మంత్రిగారికి, ఉన్నత విద్యాశాఖ పెద్దలకు, చలనచిత్ర అభివృద్ధి సంస్థ వారికి,

నమస్కారం.

మాది సిరిసిల్ల. మా బాపు పాతికేళ్ళకు పైగా సాంచాల మీద పనిచేస్తున్నాడు. బయటివాళ్ళు మరమగ్గం అంటారు, మాకు అది సాంచా. అమ్మ బీడీలు చుడుతుంది. నేను ఈ ఏడాదే డిగ్రీ పూర్తి చేశాను. నాకు సినిమా పని చదువుకోవాలని ఉంది, అందులోనూ సౌండ్ చదువుకోవాలని ఉంది. ఎక్కడ నేర్పుతారో వెతికాను, తిరిగాను, అడిగాను. తిరిగేకొద్దీ నాలాంటి వాళ్ళు చాలామంది కనబడ్డారు. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా మీరు ఓపిగ్గా చదువుతారని నమ్మకం.

చిన్నప్పుడు నాకు సినిమాల పిచ్చి ఏమీ లేదు. దసరాకో సంక్రాంతికో ఒకటి చూసేవాళ్ళం. హీరో ఎవరో తప్ప ఇంకెవరి పేరూ పట్టించుకోలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో మా కాలేజీలో స్థానిక వృత్తుల మీద ఐదు నిమిషాల వీడియో చేసి తెమ్మన్నారు. చాలామంది నెట్‌లో ఫోటోలు ఏరి, వెనకాల ఒక పాట పెట్టి ఇచ్చేశారు. నేను తమ్ముడి ఫోన్ తీసుకుని బాపు పనిచేసే కార్ఖానాకు వెళ్ళాను.

అక్కడ నలభై సాంచాలుంటాయి. బాపు ఎనిమిదింటిని చూసుకుంటాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, రోజుకు పన్నెండు గంటలు. సాంచాలు నడుస్తున్నప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని వాళ్ళు సైగలతో మాట్లాడుకుంటారు. పోగు చుట్టిన కండె అయిపోయిందంటే ఒక సైగ, పోగు తెగిందంటే ఒకటి, సాంచా బాగుచేసే జాఫర్‌ని పిలవాలంటే ఒకటి, చాయ్ వచ్చిందంటే ఇంకొకటి. చిన్నప్పటి నుంచి సద్ది పట్టుకుని అక్కడికి పోతున్నదాన్నే అయినా ఆ సైగలను నేను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. ఫోన్ పట్టుకుని ఒక మూల నిలబడితే వాటి మీదనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను.

మొదటి రోజు తీసింది ఇంటికొచ్చి చూస్తే మోత తప్ప ఏమీ లేదు. బాపు ఏదో చెబుతున్నాడు, ఒక్క ముక్క వినపడలేదు. రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. బాపు మాట్లాడుతుంటే తీస్తున్నాను. అంతలో కరెంటు పోయింది. నలభై సాంచాలూ ఒక్కసారే ఆగిపోయాయి. బాపు మాత్రం అదే గొంతుతో అరుస్తూ ఇంకో రెండు మాటలు అన్నాడు. తన గొంతు తనకే వినపడి ఆగిపోయాడు. చుట్టూ చూశాడు. నవ్వి, మెల్లగా అడిగాడు: "నేను గింత గట్టిగ మాట్లాడ్తనా బిడ్డా?"

ఆ రాత్రి ఫోన్‌లోనే ఎడిటింగ్ యాప్ వేసుకుని కూర్చున్నాను. ముందు బాపు మాట పెట్టి, తర్వాత సాంచాలు పెట్టాను. ఏమీ అనిపించలేదు. తిరగేసి పెట్టాను. నాలుగు నిమిషాలు ఒక్క మాట లేకుండా మోత, సైగలు, చేతులు. ఆ తర్వాత కరెంటు పోవడం, నిశ్శబ్దం, బాపు అడిగిన ఆ మాట. అన్నీ కలిపి ఆరు నిమిషాలైంది. పొద్దున అమ్మకు చూపించాను. అమ్మ బీడీ చుట్టే చెయ్యి ఆపి చూసింది. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఇంట్ల ఊకె ఒర్లుతడని ఇన్నేండ్ల సంది కొట్లాడిన" అంది. చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

బాపుకు చెవులు సరిగా వినపడటం లేదని ఆ వీడియోలో నేను ఎక్కడా చెప్పలేదు. నాకే తెలియదు అప్పటికి. ముందు మోత విని, తర్వాత నిశ్శబ్దం విన్నందువల్ల అమ్మకు తెలిసింది. ఆ వెంటనే నాకూ తెలిసింది. మేం బాపును ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ వీడియో తర్వాతే. ఆరోజు నుంచి నాకు ఇంకో పని మీద మనసు పోవడం లేదు.

ఇప్పుడు యూట్యూబ్‌లోనే అన్నీ నేర్చుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. నేర్చుకున్నాను. అలా నేర్చుకుంటే ఎలా ఉంటుందో ఒక్క సంగతి చెబుతాను. కార్ఖానాలో ట్యూబ్‌లైట్ల కింద తీసిన ప్రతి షాట్‌లో నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతుండేవి. ఫోన్ పాడైందనుకున్నాం. తమ్ముడు నన్ను తిట్టాడు. ఇంకొకరి ఫోన్‌తో తీశాను, అవే చారలు. నాలుగు నెలలు పట్టింది నాకు దాని కారణం తెలియడానికి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతుకో వందో వంతుకో కట్టేస్తే చారలు పోతాయి. ఇంత చిన్న విషయం. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. నేను చూసిన వీడియోల్లో అక్కడివాళ్ళు అక్కడి లెక్క చెప్పారు. అది చూసి అలాగే చేస్తే నా చారలు ఇంకా ఎక్కువయ్యాయి. పక్కన నేర్పేవాళ్ళు ఒకరుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

సౌండ్ సంగతి ఇంకా కష్టం. సాంచాల మోత ఫోన్ మైకు పట్టలేనంత పెద్దది, పగిలిపోయి వస్తుంది. కరెంటు పోయినప్పుడు వచ్చిన నిశ్శబ్దం కూడా ఉత్త నిశ్శబ్దం కాదు. బయట కుక్క అరుపు, ఎవరిదో దగ్గు, కండెలు చుట్టే ఆమె చేతిగాజులు, అన్నీ ఉన్నాయి అందులో. ఏ గదికి ఆ గది నిశ్శబ్దం వేరుగా ఉంటుందని, షూటింగ్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి దాన్ని కూడా ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకుంటారని తర్వాతెప్పుడో తెలిసింది. అది నా దగ్గర లేదు. అందుకే నా వీడియోలో ఆ చోట రెండు కోతలు కొట్టొచ్చినట్టు వినిపిస్తాయి. ఇప్పటికీ విన్నప్పుడల్లా బాధేస్తుంది.

సినిమా చదువుతానని ఇంట్లో చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అమ్మ భయపడింది. ఆడపిల్ల, హైదరాబాద్, సినిమా, ఈ మూడు మాటలు కలిస్తే ఏ తల్లైనా భయపడుతుంది. బాపు కాసేపు ఊరుకుని ఒక్కటే అడిగాడు: "గది ఏడ నేర్పుతరు బిడ్డా? ఎంతైతది?"

బాపు అడిగిన ఆ రెండు ప్రశ్నలే మీ ముందు పెడుతున్నాను. నేను తెలుసుకున్నంత వరకు జవాబు ఇదీ.

బాపును వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్ళాను. ఒక ప్రైవేటు సంస్థలో అడిగితే ఏడాదికి నాలుగు లక్షలకు పైన అన్నారు, హాస్టల్ వేరే. పని ఉన్న నెలలో బాపుకు వచ్చేది పద్నాలుగు పదిహేను వేలు. మీటరు లెక్కన కూలి కాబట్టి ఆర్డర్లు లేని నెలలో అదీ రాదు. అక్కడ కూర్చున్నంతసేపు బాపు వాళ్ళిచ్చిన రంగుల పుస్తకం చేతిలో పట్టుకుని పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. బయటికొచ్చాక దాన్ని మడతపెట్టకుండా సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

తర్వాత కృష్ణానగర్ వెళ్ళాం. మా ఊరి అబ్బాయి ఒకతను అక్కడ అసిస్టెంట్ డైరెక్టర్‌గా ప్రయత్నిస్తున్నాడు. ఒకే గదిలో ఏడుగురు ఉంటున్నారు. మొదటి సినిమాకు జీతం ఉండదు, భోజనం ఉంటుంది, రెండో సినిమాకు చూద్దాం అంటారట. మూడేళ్ళలో అతను చేసిన పని ఎక్కువగా ఆర్టిస్టులను పిలవడం, జిరాక్సులు తేవడం. లెన్స్ గురించి అడిగితే కెమెరా దగ్గరికి రానివ్వరు అన్నాడు. అతను బాధపడుతూ చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాకు మాత్రం బాధ కలిగింది. అక్కడ మగపిల్లాడికే అలా ఉంటే ఆడపిల్లను ఆ గదుల్లోకి, ఆ రాత్రి షూటింగుల్లోకి ఎవరు పంపుతారు?

మన పెద్దవాళ్ళు సినిమా ఎక్కడ చదువుకున్నారు, పనిచేస్తూ నేర్చుకోలేదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే ఆలోచించి పాత సంగతులు చదివాను. కె. విశ్వనాథ్ గారు మొదట మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేశారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి గారు మొదట్లో క్యాషియర్. వాళ్ళు పనిచేస్తూ నేర్చుకున్నమాట నిజమే. కానీ ఎలాంటి చోట నేర్చుకున్నారు? ఆ స్టూడియోల్లో నెల జీతానికి ఉద్యోగులుండేవారు. సౌండ్ విభాగం, కెమెరా విభాగం, ఎడిటింగ్ గది, ల్యాబ్, అన్నీ ఒకే ప్రాంగణంలో. కొత్తగా చేరినవాడు పెద్దవాడి పక్కన ఏళ్ళ తరబడి కూర్చునేవాడు, ఇంటికి జీతం వెళ్ళేది. అది పేరుకు స్టూడియో, నిజానికి బడి. ఇప్పుడు సినిమా సినిమాకు మనుషులు మారిపోతారు. నెల జీతానికి పెట్టుకుని పని నేర్పే స్టూడియో ఇప్పుడేదీ? ఆ పాత బడి పోయింది, కొత్త బడి పెట్టలేదు.

చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. తెలుగు సినిమాకు పితామహుడిగా చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు గారిది మచిలీపట్నం. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపారు. సినిమా నేర్చుకునే చోటు ఇక్కడ లేదని కొడుకు ప్రకాశ్‌ను ఇంగ్లండ్ పంపారు. ఆయన తిరిగొచ్చి 1921లో మూకీ సినిమా తీశారు. మా కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ గారు బొంబాయి వెళ్ళి హిందీ సినిమాలో పెద్ద నటుడయ్యారు, ఆయనకు 1980లో ఫాల్కే అవార్డు వచ్చింది. వందేళ్ళ కిందట సినిమా కావాలంటే ఊరు దాటి, రాష్ట్రం దాటి, సముద్రం దాటి వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు సరే, ఇక్కడ సినిమాయే లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో అంత పెద్ద సినిమా పరిశ్రమ ఉంది. ఏడాదికి వందల సినిమాలు వస్తున్నాయి. వెంకయ్య నాయుడు గారి పేరిట అవార్డు ఇస్తున్నారు, గద్దర్ పేరిట అవార్డులు ఇస్తున్నారు. సినిమా నేర్చుకోవాలనుకున్న పిల్ల మాత్రం ఇప్పటికీ ఊరు దాటే వెతుక్కుంటోంది.

పక్క రాష్ట్రాలు ఈ పని ఎప్పుడో చేశాయి. చెన్నై తరమణిలో ఇప్పుడు ఎం.జి.ఆర్. పేరిట ఉన్న ప్రభుత్వ సంస్థ 1945 నుంచి సినిమా సాంకేతిక విద్య నేర్పుతోంది. తెలుగు సినిమా కూడా మద్రాసులోనే ఉన్న రోజులవి. తర్వాత మన పరిశ్రమను హైదరాబాద్ రప్పించడానికి ప్రభుత్వాలు స్థలాలిచ్చాయి, రాయితీలిచ్చాయి. స్టూడియోలు వచ్చాయి, ల్యాబ్‌లు వచ్చాయి, సంఘాలు వచ్చాయి. బడి ఒక్కటీ అక్కడే ఉండిపోయింది. కర్ణాటకలో బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ప్రభుత్వ సంస్థ ఉంది. కేరళ వాళ్ళు కొట్టాయం జిల్లాలో కె.ఆర్. నారాయణన్ గారి పేరిట ఒకటి పెట్టుకున్నారు. మలయాళ సినిమా మన సినిమా కంటే చిన్న మార్కెట్. అయినా పెట్టుకున్నారు.

మన హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ లాంటి చదువులున్నాయి, యూనివర్సిటీల్లో మాస్ కమ్యూనికేషన్ ఉంది. అవి మంచివే. కానీ డైరెక్షన్, కెమెరా, సౌండ్, ఎడిటింగ్ ఒక్కొక్కటి విడిగా రెండు మూడేళ్ళు నేర్పి, ల్యాబ్‌లు, స్టూడియో ఫ్లోర్, థియేటర్ ఉన్న పూర్తిస్థాయి సర్కారు సంస్థ తెలుగు నేల మీద లేదు.

ఇక పుణె, కోల్‌కతా. 1951లో ఎస్.కె. పాటిల్ కమిటీ సినిమా నేర్పే జాతీయ సంస్థ కావాలని చెబితే, 1960లో పుణెలో, పాత ప్రభాత్ స్టూడియో ఉన్న చోటే, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరిట 1995లో రెండోది వచ్చింది. పుణెలో చదివిన కె.కె. సెంథిల్ కుమార్ గారి కెమెరా తెలుగు సినిమాను ఎంత దూరం తీసుకెళ్ళిందో మీకు తెలుసు. కేరళలో ఒక పల్లెటూరి నుంచి పుణె వెళ్ళి సౌండ్ చదువుకున్న రసూల్ పూకుట్టి గారికి 2009లో ఆస్కార్ వచ్చింది. ఆయన ఫోటో నా గోడ మీద ఉంది. కానీ ఒక్కో కోర్సులో పది, పదిహేను మందిని మాత్రమే తీసుకుంటారు, దేశం మొత్తం మీద. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో తమ ఊహ చెప్పుకోవాలి. నేను కూడా ఒకసారి పరీక్ష రాశాను. ఒక చప్పుడు వినిపిస్తే మీకు గుర్తొచ్చే దృశ్యం రాయండి అన్నలాంటి ప్రశ్న తెలుగులో అడిగితే పది పేజీలు రాసేదాన్ని. నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో అరపేజీ దాటలేదు. మళ్ళీ రాస్తాను, అది వేరే విషయం.

భాష గురించి ఇంకొంచెం చెప్పాలి. మన సినిమాల్లో చాలావరకు మాటలు షూటింగ్‌లో పట్టినవి కావు. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో, మూసిన గదిలో, మైకు ముందు చెప్పించినవి. అందుకే పొలంలో మాట్లాడినా బస్సులో మాట్లాడినా గొంతు ఒకేలా ఉంటుంది. లొకేషన్‌లో నిజంగా పుట్టిన చప్పుడు చాలాసార్లు పారేస్తారు. తెలుగు ఎన్ని రకాలుగా పలుకుతుందో మీకు తెలియనిది కాదు. సిరిసిల్ల వేరు, ఆదిలాబాద్ వేరు, పాలమూరు వేరు, శ్రీకాకుళం వేరు. ఆ మాట పుట్టిన చోటనే, ఆ గాలితో సహా పట్టుకోవడం ఒక విద్య. దానికి మైకులు తెలియాలి, గాలిని ఆపడం తెలియాలి, జనరేటర్ ఎక్కడ పెట్టించాలో తెలియాలి, వాటన్నిటికంటే ముందు వినడం తెలియాలి. అది నేను నేర్చుకోవాలి. నాలాంటి వాళ్ళు ఇరవై మంది నేర్చుకుంటే మన సినిమా వినిపించే తీరే మారుతుందని నా నమ్మకం.

మా ఊరికి కెమెరాలు రాలేదని కాదు. చాలా వచ్చాయి. నేత కార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు వచ్చాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు వచ్చాయి. ఆగిన సాంచాలను తీసుకెళ్ళారు, నడిచే సాంచాలను తీసుకెళ్ళారు, ఏడ్చేవాళ్ళను తీసుకెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టను. రెండు గంటలుండి వెళ్ళేవాళ్ళకు ఆ సైగలు తెలియవు. సాంచా మనిషి ఇంటికొచ్చి ఎందుకు అరుస్తాడో తెలియదు. అది ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది, వాళ్ళకు కూడా పని నేర్పితేనే బయటికి వస్తుంది. సింగరేణి బొగ్గుబావి పక్కన పెరిగిన పిల్లవాడికి, మల్లన్నసాగర్ కింద ఊరు పోయిన ఇంటి పిల్లకు, గల్ఫ్‌కు పోయిన తండ్రి ఫోన్ కోసం ఎదురుచూసిన పిల్లలకు ఇలాంటివి ఎన్ని తెలిసి ఉంటాయో ఆలోచించండి. ఏడాదికి నాలుగు లక్షలు కట్టగలిగిన ఇళ్ళలోంచే సినిమా వాళ్ళు వస్తే ఆ కథలు ఎవరు చెబుతారు?

కాబట్టి నేను అడిగేది ఇది. తెలుగులో ప్రవేశ పరీక్ష, తెలుగులో పాఠం ఉండే ఒక ప్రభుత్వ సినిమా కళాశాల పెట్టండి. మొదట చిన్నదే కానివ్వండి. సౌండ్, కెమెరా, ఎడిటింగ్, రచన-దర్శకత్వం, నాలుగు విభాగాలు, ఒక్కోదానిలో పన్నెండు మంది. యాక్టింగ్ తర్వాత చూసుకోవచ్చు, దానికి నేర్పేవాళ్ళు బయట చాలామందే ఉన్నారు. ఇంజినీరింగ్ పిల్లలకు ఉన్న ఫీజు రీయింబర్స్‌మెంట్ దీనికీ వర్తించేలా చూడండి. అమ్మాయిలకు ప్రాంగణంలోనే హాస్టల్ ఉండాలి. ఎడిటింగ్ గదిలో పని రాత్రి పన్నెండు దాకా ఉంటుంది, ఆ తర్వాత ఆటో వెతుక్కునే పరిస్థితి ఉంటే మా అమ్మలాంటి వాళ్ళు పంపరు. పాఠాలు చెప్పడానికి పనిలో ఉన్న టెక్నీషియన్లు రావాలి. ముప్పై ఏళ్ళు ఫోకస్ పట్టినవారు, లైట్లు కట్టినవారు, రీరికార్డింగ్ చేసినవారు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. వాళ్ళకు డిగ్రీ లేదని పక్కన పెట్టకండి.

సినిమాలు చూసే చోటు కూడా అందులో ఉండాలి. ప్రకాశ్ గారు 1921లో తీసిన ఆ మూకీ ఇప్పుడు చూద్దామంటే లేదు, పోయింది. అలా మన పాతవి ఎన్నో పోయాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది, అక్కడి విద్యార్థులు నడుచుకుంటూ వెళ్ళి పాత సినిమాలు చూసి వస్తారు. మన దగ్గర మిగిలిన తెలుగు సినిమాలనైనా భద్రపరిచి పిల్లలకు చూపించే గది ఒకటి కావాలి. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. అక్కడ శనివారాల్లో భాషా సాంస్కృతిక శాఖ 'సినివారం' పేరిట కొత్తవాళ్ళ షార్ట్ ఫిల్ములు వేసేది. ఒకసారి సిరిసిల్ల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళి చూసి, అర్ధరాత్రికి ఇల్లు చేరాను. ఎవరో నాలాంటి పిల్లలు తీసినవి తెర మీద చూస్తుంటే ధైర్యం వచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే ఇలాంటివి చేయగలదని ఆరోజే తెలిసింది, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. వంద రూపాయలు దాటిన ప్రతి సినిమా టికెట్ మీద మేం 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. అందులో సగం రాష్ట్రానికే వస్తుంది. పెద్ద సినిమా విడుదలైతే టికెట్ ధర పెంచుకోవడానికి ప్రభుత్వమే జీవో ఇస్తుంది. ఆ పెంచిన ధరలో టికెట్‌కు రూపాయి ఈ కళాశాలకు పక్కన పెట్టమని జీవోలోనే రాయండి. సిరిసిల్లలో సాంచా పనివాళ్ళు కూడా ఆ టికెట్లు కొంటారు. తమ పిల్లలు చదువుతారంటే ఆ రూపాయికి ఎవరూ బాధపడరు. సినిమా పెద్దలు కూడా ముందుకు రావాలి. పాత కెమెరాలు, పాత మైకులు, వాడని ఎడిటింగ్ సిస్టమ్‌లు మీ గోడౌన్లలో ఉంటే మాకు అవే బంగారం.

కళాశాల కట్టడానికి ఏళ్ళు పడుతుంది, నాకు తెలుసు. అందాకా జిల్లాకు ఒకసారి పదిహేను రోజుల శిబిరం పెట్టండి. పుణె సంస్థ కూడా ఇలాంటి చిన్న కోర్సులు ఊరూరా నడిపింది. పాలిటెక్నిక్‌లలో వేసవిలో గదులు ఖాళీగానే ఉంటాయి. ఒక కెమెరా, రెండు మైకులు, ఇద్దరు నేర్పేవాళ్ళు చాలు. సిరిసిల్లలో పెడితే ముప్పై మందిని నేను పోగు చేస్తాను. పేర్లు ఇప్పటికే రాసి పెట్టాను. అందులో పదకొండు మంది ఆడపిల్లలు. ఒకామె పగలు కండెలు చుడుతుంది, రాత్రి ఫోన్‌లో ఎడిటింగ్ చేస్తుంది, నాకంటే బాగా చేస్తుంది.

విజయనిర్మల గారు 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆ మాట చెప్పాక మా అమ్మ కొంచెం మెత్తబడింది. "మరి ఆమె ఏడ సదివింది?" అని అడిగింది. ఆమె చిన్నప్పటి నుంచే సినిమాల్లో నటించారని, అక్కడే నేర్చుకున్నారని చెప్పాను. అమ్మ తల ఊపి, "మనకు గట్ల లేదు గద" అంది.

ఈ ఉత్తరంతో పాటు ఆ ఆరు నిమిషాల వీడియోను పెన్‌డ్రైవ్‌లో మీ ముగ్గురి కార్యాలయాలకూ పంపుతున్నాను. మొదట్లో ఒకటి రెండు షాట్లలో నల్లటి చారలు కనిపిస్తాయి, అవి తీసేయలేకపోయాను. దయచేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మోత ఎక్కువగా ఉందని సౌండ్ తగ్గించకండి. నాలుగు నిమిషాలయ్యాక కరెంటు పోతుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

సిరిసిల్ల నుంచి
ఒక సాంచా కార్మికుడి కూతురు